క్రిస్మస్ కచేరీలో కంచు గంటలు

కమ్యూనిటీ క్వయర్ అంటే సంగీతం వృత్తి కానివాళ్లు కలిసి నడుపుకునే గాయక బృందం. బడి పంతులు, నర్సు, బ్యాంకు గుమాస్తా, రిటైరైన ఇంజనీరు వారానికో సాయంత్రం ఏదో హాల్లో చేరి రెండు గంటలు సాధన చేస్తారు. జీతం మాట అటుంచి, చాలాచోట్ల సభ్యులే చందా వేసుకుని హాలు అద్దె, సంగీత ప్రతుల ఖర్చు భరిస్తారు. ఏడాదికి రెండు మూడు కచేరీలు చేస్తే గొప్ప. వాటిలో హాలు నిండేది, బృందానికి నాలుగు డబ్బులు మిగిల్చేది దాదాపు ఎప్పుడూ డిసెంబరులో జరిగే క్రిస్మస్ కచేరీయే. అందుకే బృందాలు ఏడాది పొడవునా పొదుపుగా ఉండి ఈ ఒక్క కార్యక్రమానికి ధారాళంగా ఖర్చు పెడతాయి. చర్చిలోని పైపు ఆర్గన్‌ను వాడతాయి, ట్రంపెట్లూ ట్రాంబోన్లూ వాయించే వృత్తి కళాకారులను కుదుర్చుకుంటాయి, ఊళ్లోని హ్యాండ్‌బెల్ బృందాన్ని పిలుస్తాయి.

ఈ మూడింటినీ మనుషుల గొంతులతో కలపడం వినడానికి పండగలా ఉంటుంది గానీ, చేసేవాళ్లకు అంత తేలిక కాదు. గంట మోగించాక దాని స్వరాన్ని మార్చలేరు. ఆర్గన్ స్వరం హాలు చలినిబట్టి కదులుతుంది. ఇత్తడి వాద్యాలు గట్టిగా పలికితే నలభై గొంతులను మింగేస్తాయి. ఔత్సాహికుల గొంతులకు ఆధారం కావాలి, అయితే ఆ ఆధారం వాటిని ముంచేయకూడదు. క్రిస్మస్ కచేరీ నిర్దేశకుడి పనిలో సగం ఈ నాలుగింటి మధ్య సర్దుబాటు చేయడమే.

ఈ నాలుగు పాయలూ చాలాకాలంగా ఒకే చోట కలిసిన ప్రాంతం అమెరికాలో తూర్పు పెన్సిల్వేనియా. మధ్య ఐరోపా నుంచి వలస వచ్చిన మొరేవియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖవాళ్లు అక్కడ కట్టుకున్న ఊరికి 1741 క్రిస్మస్ ముందు రాత్రి బెత్లెహేం అని పేరు పెట్టారు. వాళ్లకు సంగీతం ఆరాధనలో విడదీయరాని భాగం. 1744లోనే ఆ అడవి పల్లెలో వాద్యబృందం ఏర్పడింది. 1754లో ఐరోపా నుంచి ట్రాంబోన్లు తెప్పించుకున్నారు. అవి ఒకటి కాదు, ఒక కుటుంబం: పై స్థాయికి ఒకటి, దాని కిందికి ఒకటి, ఇలా మనుషుల గొంతుల్లోని నాలుగు అంతస్తులకూ సరిపడే ట్రాంబోన్లు. ఊళ్లో ఎవరైనా పోతే ఈ బృందం చర్చి గోపురమెక్కి కీర్తనల స్వరాలు వాయించి ఆ కబురు చెప్పేది. పండగ పొద్దున ఊరిని నిద్రలేపేదీ అదే. ఆ ట్రాంబోన్ బృందం ఇప్పటికీ ఉంది.

అదే ఊళ్లో 1898లో బెత్లెహేం బాఖ్ క్వయర్ పుట్టింది. మొరేవియన్ చర్చి ఆర్గనిస్టు జె. ఫ్రెడ్ వోల్ పట్టుబట్టి, ఊరి మామూలు మనుషులతో రెండేళ్లలోపే జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన బి మైనర్ మాస్ అనే పెద్ద ఆరాధన సంగీత రచనను పూర్తిగా పాడించాడు. 1900 మార్చి 27న జరిగిన ఆ కచేరీ అమెరికాలో ఆ రచనకు తొలి సంపూర్ణ ప్రదర్శన. న్యూయార్కు, బోస్టన్ వంటి నగరాలు చేయని పనిని ఉక్కు కర్మాగారపు పట్టణం చేసింది. ఆ కర్మాగారంలో ఉక్కు తయారీ 1995లో ఆగిపోయింది గానీ క్వయర్ ఆగలేదు. ప్రతి డిసెంబరులో దాని క్రిస్మస్ కచేరీలు జరుగుతాయి.

క్వయర్ పాడే పద్ధతి తెలుగు శ్రోతకు కొంత వివరించాలి. మన సంకీర్తనలో ఎంతమంది పాడినా రాగం ఒకటే, వరస ఒకటే. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి తెలుగు క్రైస్తవ కీర్తనలను కర్ణాటక రాగాల్లో కూర్చినప్పుడు పాటించిన పద్ధతీ అదే. పాశ్చాత్య క్వయర్‌లో మాత్రం ఒకే క్షణంలో నాలుగు వరసలు వేరువేరుగా నడుస్తాయి. ఆడవాళ్లలో హెచ్చు స్థాయివాళ్లు సొప్రానో, తగ్గు స్థాయివాళ్లు ఆల్టో. మగవాళ్లలో హెచ్చువాళ్లు టెనర్, మంద్రంలో పాడేవాళ్లు బాస్. వినేవాళ్లకు పాటగా తోచేది సాధారణంగా సొప్రానో వరసే. దానికి నిండుతనం ఇచ్చేవి మిగతా మూడూ. ఔత్సాహిక బృందాల్లో టెనర్లకు ఎప్పుడూ కరువే, కొన్నిచోట్ల ఆల్టోల నుంచి ఇద్దరు ముగ్గురిని ఆ వరసలోకి మార్చి నెట్టుకొస్తారు. మన పట్టణాల్లోని కొన్ని పాత ప్రొటెస్టెంట్ చర్చిల్లో ఈ నాలుగు వరసల పద్ధతిలో పాడే క్వయర్లు ఉన్నాయి కనుక తెలుగువాళ్లలో కొందరికి ఇది కొత్తేమీ కాదు.

ఇక గంటలు. హ్యాండ్‌బెల్ చూడటానికి పూజగంటలాగే ఉంటుంది, పని చేసే తీరు వేరు. పూజగంటలో నాలుక ఎటైనా ఊగుతుంది, తిప్పినకొద్దీ గణగణ మోగుతూనే ఉంటుంది. హ్యాండ్‌బెల్ నాలుక ముందుకూ వెనక్కూ మాత్రమే కదిలేలా బిగించి ఉంటుంది. చిన్న స్ప్రింగ్ దాన్ని మధ్యలో ఆపి ఉంచుతుంది. మణికట్టుతో ఒక్క విసురు విసిరితే నాలుక ఒకేసారి తగిలి వెనక్కి వస్తుంది. అంటే ఒక కదలికకు ఒక్క దెబ్బ, అదీ కోరిన క్షణంలో. మోత ఆపాలంటే గంట అంచును భుజానికి ఆనించాలి. లోహం సుమారు నాలుగు వంతుల రాగికి ఒక వంతు తగరం కలిపిన కంచు. చేతి చెమట, నూనె తగిలితే మచ్చలు పడతాయని వాయించేవాళ్లు తెల్ల చేతొడుగులు వేసుకుంటారు. గంటలు పెట్టే బల్లల మీద మందపాటి స్పాంజి పరుపు, దానిపై మెత్తని బట్ట ఉంటాయి.

ఇంగ్లండులో ఈ గంటలు కచేరీ కోసం పుట్టలేదు. అక్కడి చర్చి గోపురాల్లో పెద్ద గంటలను పాటగా కాక అంకెల వరసల్లా మోగించే కళ ఉంది. ఏడు గంటలుంటే వాటి క్రమాన్ని 5,040 రకాలుగా మార్చవచ్చు. ఒక్కటీ రెండోసారి రాకుండా అన్నీ మోగించడానికి సుమారు మూడు గంటల సమయం పడుతుంది. గోపురంలో చలి, పైగా సాధన పేరుతో మోగిస్తే ఊరంతా తిట్టుకుంటుంది. కాబట్టి ఆ క్రమాలను ఇంట్లోనో సారాయి అంగట్లోనో కంఠస్థం చేయడానికి చేతిగంటలు తయారయ్యాయి. 18వ శతాబ్దం తొలి ఏళ్లలో విల్ట్‌షైర్‌లోని ఆల్డ్‌బోర్న్ ఊరివాళ్లు రాబర్ట్ కోర్, విలియం కోర్ సోదరులు శృతి చేసిన చేతిగంటలకు పేరుపడ్డారు. తర్వాత ఉత్తర ఇంగ్లండు మిల్లు పట్టణాల్లో కార్మికులు వీటితో పాటలు వాయించడం మొదలుపెట్టారు. 1840ల్లో అమెరికన్ వినోద వ్యాపారి పి. టి. బార్నమ్ లాంకషైర్ గంటల బృందం ఒకదాన్ని అమెరికాకు రప్పించి, మీసాలు పెంచమని, విచిత్ర దుస్తులు తొడుక్కోమని చెప్పి 'స్విస్ గంటలవాళ్లు' అని ప్రచారం చేశాడు. జనం నమ్మారు, టికెట్లు అమ్ముడుపోయాయి.

గంటలు అమెరికా ఇళ్లలోకీ చర్చిల్లోకీ వచ్చింది మాత్రం బార్నమ్ వల్ల కాదు, బోస్టన్ మహిళ మార్గరెట్ షర్‌క్లిఫ్ వల్ల. 1902లో ఆమె ఇంగ్లండులో గోపుర గంటలు మోగించి మెప్పించినప్పుడు లండన్‌లోని వైట్‌చాపెల్ గంటల కార్ఖానా ఆమెకు చేతిగంటలు బహూకరించింది. 1920ల్లో ఆమె బృందం బోస్టన్ బీకన్ హిల్ వీధుల్లో క్రిస్మస్ ముందు రాత్రి ఈ గంటలతో పాటలు వాయిస్తూ తిరిగేది. గంటలకూ క్రిస్మస్‌కూ అమెరికన్ల మనసులో ముడి పడటానికి ఆ వీధి తిరుగుడు ఒక ముఖ్య కారణం. 1954లో చేతిగంటలవాళ్ల జాతీయ సంఘం ఏర్పడింది. అప్పటికి గంటలు ఇంగ్లండు నుంచే రావాలి, ఏళ్లు వేచి ఉండాలి. ఆ కొరత తీర్చిన రెండు కంపెనీలూ పెన్సిల్వేనియావే. సెల్లర్స్‌విల్‌లో షుల్మెరిక్ కంపెనీ గంటలు చేసేది. అందులో పనిచేసిన జేకబ్ మాల్టా 1970ల్లో బయటికొచ్చి దగ్గర్లోనే మాల్‌మార్క్ పెట్టాడు. అంత సున్నితమైన సంగీతానికి వస్తువులు చేసే ఈ ఇద్దరి పోటీ చాలా ఏళ్లు కోర్టుల్లో నలిగింది.

మూడు స్థాయిల సెట్టులో 37 గంటలు, అయిదు స్థాయిల సెట్టులో 61. పియానో మీటల్లా ఒక్కో స్వరానికి ఒక్కో గంట, కానీ ఆ మీటలు పది పదిహేను మంది మధ్య పంచి ఉంటాయి. ఒక్కొక్కరికి సాధారణంగా పక్కపక్క స్వరాలు రెండు, వాటి అర్ధస్వరాలు. చేయి తిరిగినవాళ్లు ఒక్కో చేతిలో రెండేసి పట్టుకుంటారు. కాబట్టి ఏ ఒక్కరూ పాట వాయించరు. ప్రతి ఒక్కరూ తన స్వరం వచ్చే క్షణం కోసం లెక్కపెట్టుకుంటూ నిలబడతారు. క్వయర్‌లో ఒక సొప్రానో జ్వరమొచ్చి రాకపోతే ఎవరికీ తెలియదు. గంటల బృందంలో ఒకరు రాకపోతే పాటలో ఆ రెండు స్వరాల చోట కన్నాలు పడతాయి. ఈ ఒక్క కారణం చేతే గంటలవాళ్ల సాధన క్రమశిక్షణ పాటగాళ్ల కన్నా గట్టిగా ఉంటుంది.

గంట ధ్వనికి ఒక పరిమితి ఉంది. మొదటి దెబ్బ తర్వాత అది తగ్గుతూనే పోతుంది, పెంచడం అసాధ్యం. గొంతులాగా స్వరాన్ని లాగి ఉబ్బించలేదు. ఇంకో సంగతి: ఇంగ్లిష్ పద్ధతి గంటలో అసలు స్వరంతోపాటు దానికి మూడు రెట్ల కంపనం ఉన్న పై స్వరం కూడా స్పష్టంగా వినపడేలా శృతి చేస్తారు. గంటల తళుకు అంతా అందులోనే ఉంది. మంద్ర గంటలు దగ్గర దగ్గరగా మోగితే కలగాపులగం అయ్యేదీ అందువల్లే. కనుక మంచి కూర్పరులు పాట వరసను పై గంటలకిచ్చి, కింది గంటలను పలచగా వాడతారు. గంటను స్పాంజి మీదికి కొట్టి టక్కుమనిపించడం, బొటనవేలు అడ్డుపెట్టి మూగగా పలికించడం, వేలాడదీసి ఊపడం వంటి చిట్కాలు రంగు మార్చడానికి ఉన్నాయి. అవి ఎక్కువైతే సంగీతం పోయి సర్కస్ మిగులుతుంది.

ఆర్గన్ ఈ చేతిగంటలకన్నా చాలా పాతది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో క్టెసిబియస్ నీటి ఒత్తిడితో గాలి తోసే వాద్యం చేశాడు. చర్చికి అది చేరింది చాలా తర్వాత. మన ఇళ్లలోని హార్మోనియంలో పలికేవి లోహపు రీడ్లు. పైపు ఆర్గన్‌లో ఎక్కువ గొట్టాలు పిల్లనగ్రోవి సూత్రం మీద, కొన్ని మాత్రం రీడ్ మీద పలుకుతాయి. గొట్టం ఎంత పొడవైతే స్వరం అంత కిందికి దిగుతుంది. 8 అడుగుల తెరిచిన గొట్టం సెకనుకు సుమారు 65 కంపనాలు, 32 అడుగులది సుమారు 16 కంపనాలు ఇస్తుంది. ఆ చివరిది చెవికి వినపడటం కన్నా బెంచీలో, ఛాతీలో తెలుస్తుంది. పెన్సిల్వేనియా ఆర్గన్లకూ పుట్టిల్లే. మొరేవియన్ వడ్రంగి డేవిడ్ టానెన్‌బర్గ్ లిటిట్జ్ ఊళ్లో దశాబ్దాలపాటు చర్చి ఆర్గన్లు చేసి, 1804లో యార్క్ పట్టణంలో ఆఖరి ఆర్గన్ పనిలో ఉండగా చనిపోయాడు. ఇంకో వందేళ్లకు ఫిలడెల్ఫియాలోని ఒక దుకాణ భవనంలో, 1904 సెయింట్ లూయిస్ ప్రదర్శన కోసం చేసిన ఆర్గన్‌ను పెట్టి పెంచుతూ పోయారు. అది 28 వేలకు పైగా గొట్టాలున్న వానమేకర్ ఆర్గన్.

ఊపిరి అక్కర్లేని వాద్యం కనుక ఆర్గన్ క్వయర్‌కు నమ్మకమైన ఊతం. పాటగాళ్లు గాలి పీల్చుకునే చోట అది ఖాళీ లేకుండా నింపుతుంది. ఇబ్బందల్లా ఆర్గనిస్టు కూర్చునే చోటుతోనే. చాలా చర్చిల్లో అతని వీపు క్వయర్ వైపు ఉంటుంది. అద్దంలోనో చిన్న తెరమీదో నిర్దేశకుణ్ని చూస్తాడు. గొట్టాలు దూరంగా ఉంటే తన వాద్యం తనకే ఆలస్యంగా వినపడుతుంది. చెవిని నమ్మితే వెనకబడతాడు, అందుకని కళ్లను నమ్మి చేతులు ముందే కదిలించడం నేర్చుకుంటాడు.

ఇత్తడి వాద్యాలు మనకు బ్యాండు మేళం ద్వారా పరిచయమే. క్రిస్మస్ కచేరీకి మాత్రం సాధారణంగా అయిదుగురే వస్తారు: రెండు ట్రంపెట్లు, ఒక ఫ్రెంచ్ హార్న్, ఒక ట్రాంబోన్, ఒక ట్యూబా. అయిదుగురి ఇత్తడి బృందం అనే పద్ధతి 1960లో అమెరికన్ బ్రాస్ క్వింటెట్, 1970లో కెనేడియన్ బ్రాస్ వచ్చాక స్థిరపడింది. చర్చి సంగీతంలో ఇత్తడి మాత్రం అంతకన్నా చాలా పాతది. వెనిస్‌లోని సెయింట్ మార్క్స్ చర్చిలో ఎదురెదురు మేడల మీద గాయకులనూ వాద్యకారులనూ విడివిడిగా నిలబెట్టి పాడించేవారు. అక్కడి స్వరకర్త జొవాన్ని గాబ్రియేలి 1597లో అచ్చువేసిన సంపుటిలో ఏ వరసను ఏ వాద్యం వాయించాలో, ఎక్కడ మెల్లగా ఎక్కడ గట్టిగా వాయించాలో రాసిన తొలి రచనల్లో ఒకటి ఉంది. ఇప్పటికీ క్రిస్మస్ కచేరీల్లో ట్రంపెట్లను బాల్కనీలో నిలబెట్టడం ఆ వెనిస్ అలవాటే. దానివల్ల శోభ ఒకటి, క్వయర్ పక్కన నిలబడి గొంతులను ముంచకపోవడం ఇంకొకటి. తెలివైన నిర్దేశకుడు చరణమంతా ఆర్గన్‌కిచ్చి, ఇత్తడిని చరణాల మధ్యకూ ఆఖరికీ దాచుకుంటాడు. వాయించేవాళ్ల పెదవులకూ అది మంచిది, గంటన్నరపాటు గట్టిగా ఊదితే అవి మొద్దుబారిపోతాయి.

శృతి తగువు అందరూ ఒకచోట చేరిన రోజే బయటపడుతుంది. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది, పిల్లనగ్రోవి తరహా గొట్టాల స్వరం హెచ్చుతుంది. చలి ఉంటే తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర 440 కంపనాలకు శృతి చేసిన ఆర్గన్ గొట్టం 10 డిగ్రీల చర్చిలో దాదాపు 432 పలుకుతుంది. కంచు గంట ఆ తేడాను దాదాపు పట్టించుకోదు, 440 దగ్గరే ఉంటుంది. ఈ రెండూ కలిసి మోగితే సంగీతం తెలియని చెవికి కూడా ఏదో తేడా కొడుతుంది. ఆర్గన్‌ను అప్పటికప్పుడు మార్చలేరు, గంటను అసలే మార్చలేరు. మిగిలిన మార్గం హాలును వెచ్చబెట్టడమే. అందుకే డిసెంబరులో కచేరీకి చాలా గంటల ముందే చర్చిలో హీటర్లు పెట్టి, ఆర్గన్ శృతి చేసిన ఉష్ణోగ్రతకు తీసుకొస్తారు. ఇత్తడివాళ్లు గొట్టాన్ని కొంచెం బయటికి లాగో లోపలికి నెట్టో ఆర్గన్‌తో కలుస్తారు. గొంతులు ఎటైనా వంగుతాయి, కష్టమల్లా తోడు లేని పాటలో తెలియకుండానే కిందికి జారడం. అలాంటి పాట చివర గంటలు అందుకోవాల్సి ఉంటే క్వయర్ జారిన సంగతి నలుగురికీ తెలిసిపోతుంది. అనుభవమున్నవాళ్లు అలా కూర్చరు, మధ్యలో ఒక మాటో చప్పట్లో వచ్చేలా చూస్తారు.

ఇన్ని వాద్యాలకు సరిపడే రచనలు చాలానే ఉన్నాయి. అమెరికన్ స్వరకర్త డేనియల్ పింకమ్ 1957లో రాసిన క్రిస్మస్ కాంటాటా రెండు ఇత్తడి బృందాలతో క్వయర్ పాడేది. రెండో బృందం బదులు ఆర్గన్ వాడుకునే వీలు కూడా ఆయనే కల్పించాడు కనుక చిన్న బృందాలకు అందుబాటులో ఉంది. పది నిమిషాలకు మించదు, గాబ్రియేలి గాలి అందులో బాగా వీస్తుంది. ఇంగ్లిష్ స్వరకర్త జాన్ రట్టర్ 1974లో రాసిన గ్లోరియాను ఇత్తడి, తాళవాద్యాలు, ఆర్గన్‌తో పాడతారు. అది అమెరికాలోని ఒమాహా క్వయర్ అడిగితే రాసింది. స్వరకర్త హాండెల్ రాసిన మెసైయా 1742లో డబ్లిన్‌లో ఏప్రిల్ నెలలో మొదటిసారి వినిపించింది. దాన్ని డిసెంబరుకు ముడిపెట్టినవాళ్లలో బోస్టన్ హాండెల్ అండ్ హైడన్ సొసైటీ ముందుంది. 1818 క్రిస్మస్ రోజున ఆ సొసైటీ దాన్ని పూర్తిగా పాడింది.

గంటలవాళ్లు వదలకుండా వాయించే 'కారల్ ఆఫ్ ద బెల్స్' నిజానికి గంటల పాట కాదు, క్రిస్మస్ పాటా కాదు. ఉక్రెయిన్ స్వరకర్త మికోలా లియొంతోవిచ్ ఒక జానపద వరసలోని నాలుగు స్వరాలను పట్టుకుని అల్లిన 'ష్చెద్రిక్' అది. ఒక చిన్న వలస పక్షి ఇంటి యజమానికి కొత్త ఏడు శుభం చెప్పడం దాని విషయం. 1916లో కీవ్‌లో మొదట పాడారు. 1921 జనవరిలో సోవియట్ రహస్య పోలీసు మనిషి ఒకడు లియొంతోవిచ్‌ను కాల్చి చంపాడు. మరుసటి ఏడాది అక్టోబరులో ఉక్రెయిన్ జాతీయ క్వయర్ దాన్ని న్యూయార్కు కార్నెగీ హాల్లో వినిపించింది. అక్కడి సంగీత అధ్యాపకుడు పీటర్ విల్హౌస్కీకి ఆ నాలుగు స్వరాల తిరుగుడు గంటల మోతలా తోచి, 1936లో క్రిస్మస్ గంటల మీద ఇంగ్లిష్ మాటలు రాశాడు. ఆ మాటలు లేకపోతే పాట ఇంత దూరం వచ్చేది కాదేమో గానీ, దాన్ని వాయించే బృందాలు కార్యక్రమ పత్రంలో లియొంతోవిచ్ పేరు వదిలేయడం న్యాయం కాదు.

ఈ కచేరీ పని ఆగస్టు చివరో సెప్టెంబరులోనో మొదలవుతుంది. బయట ఇంకా ఎండ కాస్తుండగా లోపల శీతాకాలపు పాటలు పాడటం క్వయర్‌లో ఏటా పేలే పాత జోకు. మొదటి నెల వరసలు విడివిడిగా నేర్చుకోవడానికే సరిపోతుంది. స్వరలిపి చదవలేనివారి కోసం తమ వరస ఒక్కటే గట్టిగా వినిపించే రికార్డింగులు పంచుతారు. గంటలవాళ్లు వేరే సాధన చేసుకుంటారు. ఇత్తడి కళాకారులకు గంటల లెక్కన డబ్బు ఇవ్వాలి కనుక వాళ్లు చివరి ఒకటి రెండు సాధనలకే వస్తారు. మూడు నెలలు పియానోతో హాయిగా పాడిన క్వయర్ మొదటిసారి ట్రంపెట్ల పక్కన నిలబడి తమ గొంతు తమకు వినపడక బెదిరిపోయేది అప్పుడే. నిర్దేశకులు ఆ సాయంత్రాన్ని పాటల మీద కన్నా నిలబడే చోట్ల మీద ఎక్కువ ఖర్చు పెడతారు: ట్యూబాను గోడకు దూరంగా, హార్న్ ధ్వని వెనక్కి పోతుంది కనుక దాని వెనుక ఏముందో చూసి, గంటల బల్లలను క్వయర్‌కు అడ్డం రాకుండా.

కచేరీ చివర శ్రోతలు కూడా లేచి పాడటం ఆనవాయితీ. ఎక్కువగా ఎంచుకునే 'హార్క్ ద హెరాల్డ్' పాట మాటలు చార్లెస్ వెస్లీ 1739లో అచ్చువేసినవి, వరస జర్మన్ స్వరకర్త మెండెల్సన్‌ది. ఆ వరసను ఆయన 1840లో ముద్రణకళ నాలుగు వందల ఏళ్ల పండుగకు మగ క్వయర్, ఇత్తడి బృందాల కోసం రాశాడు. ఆ రెండింటినీ విలియం కమింగ్స్ అనే ఆర్గనిస్టు 1855లో జతచేశాడు. ఇత్తడి ఆ వరసకు అంత సహజంగా అతకడం వింతేమీ కాదు. ఆఖరి చరణంలో శ్రోతలు మామూలు వరస పాడుతుంటే సొప్రానోలు దానిమీద ఇంకో హెచ్చు వరస అందుకుంటారు, ఆర్గన్ కింద కొత్త స్వరాల పొరలు వేస్తుంది. 1961లో వచ్చిన 'కారల్స్ ఫర్ క్వయర్స్' పుస్తకంలో డేవిడ్ విల్‌కాక్స్ చేసిన ఏర్పాటు అది. ఇంగ్లిష్ పాడే దేశాలన్నిటా అదే నడుస్తోంది. అంత చప్పుడులో గంటల వరస వినపడదు కాబట్టి గంటలవాళ్లకు ఆ చరణంలో ప్రత్యేకంగా ఏమీ రాయరు, కొన్నిచోట్ల ఎవరి గంట వాళ్లు తోచినట్టు మోగించమంటారు. పాట అయ్యాక ఆర్గనిస్టుకు ఒక పని మిగులుతుంది, జనం బయటికి నడుస్తుండగా వాయించే ముగింపు వాద్యం. కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీ క్రిస్మస్ ఆరాధనలో అది ఏటా బాఖ్ రాసిన 'ఇన్ డుల్చి జూబిలో'. ఊరి కచేరీలోనూ తరచుగా అదే వాయిస్తారు. కష్టమైన ముక్క, వారాలపాటు సాధన చేసి ఉంటాడు. కోట్లు తొడుక్కుంటూ, బంధువులను వెతుక్కుంటూ, పార్కింగు గురించి మాట్లాడుకుంటూ నడిచే జనంలో దాన్ని చివరిదాకా కూర్చుని వినేవాళ్లు కొద్దిమందే ఉంటారు.